తెరకు అవతల చేపలు

తెర మొదటిసారి పనిచేసిన రోజున అర్జిల్లి నూకరత్నానికి ఇరవై ఆరేళ్ళు. కొండ మీది రక్షణ ప్రయోగశాలలో ట్రైనీ ఇంజనీరుగా చేరి అప్పటికి మూడేళ్ళయింది.

తెర అంటే గుడ్డతో చేసింది కాదు. సముద్రం అడుగున పదకొండు కిలోమీటర్ల పొడవునా వరసగా దించిన అరవై నాలుగు పరికరాలు. ఒక్కొక్కటి నీళ్ళ బిందె అంత ఉంటుంది. అన్నీ కలిసి మనిషి చెవికి అందని సన్నటి మోతను నీళ్ళలో నిలబెడతాయి. శత్రువు జలాంతర్గామి ఎంత చప్పుడు చేయకుండా జారినా ఆ మోతలోంచి పోక తప్పదు. పోయినచోట మోత వంగుతుంది. ఆ వంపు కంట్రోలు గదిలోని మానిటరు మీద ఇస్త్రీ చీరకు పడిన ముడతలా కనిపిస్తుంది.

ఆ ఉదయం మన జలాంతర్గామే మూడుసార్లు తెర దాటింది. ఎప్పుడు, ఎక్కడ దాటేదీ ముందుగా ఎవరికీ చెప్పలేదు. మానిటరు మీద మూడు ముడతలు పడ్డాయి. గదిలో ఉన్న తొమ్మిది మందీ మానిటరు చుట్టూ మూగారు. ప్రాజెక్టు డైరెక్టరు వేదుల మంగతాయారు గారు పద్నాలుగేళ్ళుగా ఈ పని మీదే ఉన్నారు. కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "సరే, టీ తాగుదామా?" అన్నారు.

ఆ విజయంలో నూకరత్నం వాటా చిన్నదేమీ కాదు. నలభై ఒకటో పరికరం దగ్గర సముద్రం అడుగున ఒక రాతిగుట్ట ఉంది. మోత దానికి తగిలి వెనక్కి కొడుతుంటే, వరసను గుట్ట చుట్టూ కాస్త వంచుదామని చెప్పింది ఆమే. వంచాక మోత కుదురుకుంది.

ఐదో రోజున మంగతాయారు ఆమెను గదికి పిలిచారు. రెండో దశలో తీరం పొడవునా తెరలు దించబోతున్నారు. అందులో ఒక బృందానికి నూకరత్నం నాయకురాలు. చేతికింద పన్నెండు మంది.

"ఇంటర్వ్యూలో నువ్వన్న మాట నాకింకా గుర్తుంది" అన్నారు మంగతాయారు. "సముద్రం గురించి నీకేం తెలుసని అడిగితే, మా ఇంట్లో అందరికన్నా తక్కువ తెలుసండీ అన్నావు."

"ఇప్పటికీ అంతేనండీ" అని నవ్వింది నూకరత్నం.

ఆమెతోపాటు అదే రోజు చేరిన జునైద్‌కి కూడా రెండో దశలో చోటు దొరికింది. అతనిది నంద్యాల. ఉద్యోగంలో చేరేదాకా సముద్రాన్ని చూసి ఎరగడు. క్యాంటీనులో ఆమెకు లడ్డూ ఇచ్చి, "ఇంట్లో ఏమని చెప్తావ్?" అన్నాడు.

"పని పెరిగిందని చెప్తాను."

అంతకుమించి చెప్పడానికి వీల్లేదు. చేరిన రోజునే సంతకాలు పెట్టించుకున్నారు. ఇంట్లోవాళ్ళకు తెలిసిందల్లా, ఆమె గవర్నమెంటు ఆఫీసులో కంప్యూటర్ల మీద పనిచేస్తుందని.

*

ఆదివారం తన ఊరు గవ్వలపేట వెళ్ళింది. ప్రయోగశాలకు ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఇసుక మీద నూట ఇరవై గడపలున్న మత్స్యకారుల పేట అది. బస్సు దిగి ఒడ్డుకు వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. ఆ వేళకు ఇసుక మీద చేపల గుట్టలు, వేలం పాటల అరుపులు ఉండాలి. పడవలన్నీ పైకి లాగి ఉన్నాయి. వలలు ఎండి కరకరలాడుతున్నాయి.

తల్లి కొర్లమ్మ ఇంటి ముందు ఖాళీ తట్ట బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా బజారుకు నడిచిన మనిషి. లోపల అన్న అప్పన్న సంచీలో బట్టలు సర్దుతున్నాడు.

"ఎక్కడికిరా?" అంది నూకరత్నం.

"వేరావళ్‌కి. గుజరాత్ బోట్ల మీదకి. పేటలోంచి ముప్పైమందిమి ఎల్తన్నాం. ఇక్కడేటుంది?"

"సీజనే కదా?"

"సీజనే" అంది కొర్లమ్మ. "అయిదు నెలల్నుంచి తట్ట నిండనేదు. కానాగంత సేపలు నేవు, కవళ్ళు నేవు. మీ అయ్య ఏదో గోడంటాడు. అడుగు."

అయిదు నెలలు అన్న మాట నూకరత్నం చెవిలో ఆగిపోయింది. సర్దుబాట్ల కోసం తెరను రాత్రీ పగలూ మోగించడం మొదలై సరిగ్గా అయిదు నెలలే అయింది.

తండ్రి ఎల్లాజీ పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అరవై దాటినా చూపు తగ్గలేదు. కూతురు పక్కన కూర్చోగానే, అడగకముందే మొదలుపెట్టాడు.

"సముద్రంలో గోడ లేసిందే అమ్మీ. నీలు మామూలుగానే ఉంటాది. సేప మాత్రం అక్కడిదాకా వొచ్చి తిరిగిపోతంది. ఇవతలికి రాదు."

"గోడేటయ్యా, నీల్లల్లో?"

"సూడు మరి."

తడి ఇసుక మీద వేలితో గీశాడు. ఇది కొండ, ఇది లైట్‌హౌసు. ఈ రెండూ ఒక గీతలోకి వచ్చేచోట ఇరవై బారల లోతు. అక్కడ గాలానికి చేప తగలదు, నూరు బారలు అవతలికి పోతే తగులుతుంది. తర్వాత ఇక్కడ. తర్వాత ఇక్కడ. అయిదు నెలలుగా వల వేసిన చోటల్లా గుర్తుపెట్టుకుని, ఒక్కొక్క చుక్కా పెట్టి కలుపుతూ పోయాడు. గీత తిన్నగా సాగి, ఒకచోట కొద్దిగా పక్కకు వంగి, మళ్ళీ తిన్నగా సాగింది.

"ఇక్కడ మాత్రం వొంకర తిరిగింది. ఎందుకో తెల్దు. అడుగున రాళ్ళగుట్టుంది గానీ" అన్నాడు.

నూకరత్నం ఆ వంకర వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ వంపు ఆమె గీసిందే. దేశంలో తొమ్మిది మందికి తెలిసిన గీత అది. ఇప్పుడు గవ్వలపేట ఇసుక మీద, కొలత తప్పకుండా ఉంది.

"నీకెవులు సెప్పేరయ్యా ఇది?"

"ఎవులు సెప్తారు? సేప సెప్పింది." కూతురి మొహం చూసి, "ఏటే, అలగున్నావు?" అన్నాడు.

"ఎండ" అంది. కాలితో ఆ గీతను చెరిపేసింది.

మధ్యాహ్నం బస్సుకు అప్పన్న వెళ్ళిపోయాడు. వాళ్ళను సాగనంపడానికి పేట అంతా రోడ్డు మీదకు వచ్చింది. నూకరత్నం కూడా చెయ్యి ఊపింది. ఆమె ఎవరి మొహంలోకీ చూడలేకపోయింది.

*

"రిపోర్టు రాయకు" అన్నాడు జునైద్. ప్రయోగశాల వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. "నువ్వు రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? మీ నాయన దగ్గర తెర మ్యాపుంది అంటావు. వాళ్ళు ఫస్ట్ అడిగేది, కూతురు ఏ సెక్షన్‌లో పనిచేస్తుందని."

"తెలుసు."

"రెండో దశ పోతుంది. ఉద్యోగం పోవచ్చు. కేసు కూడా కావచ్చు. చేపల సంగతి ఎవరో ఒకరు ఎప్పుడో కనిపెడతారు లేప్పా."

"ఎప్పుడో అంటే ఎప్పుడు జునైద్? రెండో దశలో తీరమంతా దించాకా? మా పేట ఒక్కటే కాదు, పేటలన్నీ వేరావళ్ బస్సెక్కుతాయి. ఇంకొకటి. మా అయ్యకు తెలిసిందంటే, గాలం ఉన్న ఎవడికైనా తెలుస్తుంది. దొంగచాటుగా వచ్చేవాడు ఒక చేపల పడవ తెచ్చుకుంటే చాలు. అది తెలిసి కూడా నోరు మూసుకుంటే, నేను పెట్టిన సంతకానికి అర్థమేంటి?"

ఆమె రెండు పేజీలు రాసి మంగతాయారుకు ఇచ్చింది. ఆవిడ రెండుసార్లు చదివారు.

"మోత తక్కువ కదా, జలచరాలకు హాని లేదని నేనే సర్టిఫికెట్ ఇచ్చాను" అన్నారు చివరికి. "హాని లేదు నిజమే. ఒక్క చేప కూడా చావలేదు. అవి దాటవేమోనన్న ఆలోచనే నాకు రాలేదు." కాగితం మడిచి పట్టుకున్నారు. "ఇది పైకి పంపితే మొదటి దెబ్బ నీకు తగులుతుంది. రెండోది నాకు. అయినా పంపమంటావా?"

"పంపండి మేడమ్."

ఆ సాయంత్రమే గేటు దగ్గర ఆమె పాసు తీసుకున్నారు. విచారణ పూర్తయ్యేదాకా లోపలికి రాకూడదన్నారు.

*

మూడో రోజున భద్రతాధికారి కమాండర్ నంబియార్ గవ్వలపేట వచ్చాడు. మామూలు చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి వచ్చాడు. విశాఖలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాడు కావడంతో తెలుగు బాగానే మాట్లాడతాడు. ఎల్లాజీని రెండు గంటలు అడిగాడు. గీత ఎలా తెలిసింది, ఎవరికి చూపించావు, అమ్మాయి ఎప్పుడైనా ఏమైనా అందా. ఎల్లాజీకి ప్రశ్నలు వింటూంటేనే సంగతి అర్థమైంది. అధికారి వెళ్ళాక గుమ్మంలో నిలబడిన కూతురి వైపు తిరిగాడు.

"ఆ గోడ కట్టింది నువ్వేనేటే?"

"నానొక్కదాన్నే కాదయ్యా."

"నువ్వు కూడానా?"

"ఆఁ. ఆ వొంకర నాను పెట్టిందే."

కొర్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎల్లాజీ పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడటం మానేశాడు. పాసు లేక నూకరత్నం ఇంట్లోనే ఉంది. తండ్రి అన్నానికి కూర్చుంటే ఆమె వడ్డించేది. ఆయన తినేసి లేచేవాడు. కొర్లమ్మ మధ్యలో ఉండి, "మీ అయ్య నీలడుగుతన్నాడు," "నీ కూతురు తిన్నేదు" అంటూ ఇద్దరి మాటలూ మోసేది.

రెండు వారాల తర్వాత నంబియార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మంగతాయారు కూడా వెంట వచ్చారు.

"మీ అమ్మాయి చెప్పకుండానే నువ్వు కనిపెట్టావని రుజువు కావాలి" అన్నాడు నంబియార్. "పది రోజుల క్రితం ఇంకోచోట ఎనిమిది పరికరాలు దించాం. చిన్న తెర. ఎక్కడో మీ అమ్మాయికి తెలియదు, ఈ మేడమ్‌కి తెలియదు. దించిన పడవవాళ్ళకీ, నాకూ మాత్రమే తెలుసు. కనిపెట్టగలవా?"

"నాను సూపిత్తే నా కూతుర్ని ఒగ్గేత్తారా?"

"చూపిస్తే తను ఏమీ చెప్పలేదని తేలుతుంది."

ఎల్లాజీ కూతురి వైపు చూడలేదు. చొక్కా తీసి కొక్కేనికి తగిలించి, "తెల్లారగానే తెడ్డు తెత్తాను" అన్నాడు.

*

మర్నాడు తెల్లవారగానే పడవ కదిలింది. ఎల్లాజీ, నంబియార్, మంగతాయారు ముగ్గురే. ఫోన్లు ఒడ్డునే ఉంచేశారు. నూకరత్నాన్ని ఎక్కనివ్వలేదు. ఆమె తల్లి పక్కన ఇసుకలో కూర్చుని, పడవ చుక్కయ్యేదాకా చూసింది.

మొదటి రోజంతా ఎల్లాజీ తిరుగుతూనే ఉన్నాడు. ఒకచోట ఇంజను ఆపి గాలం వేసేవాడు. చేప తగిలితే, "ఇక్కడ కాదు" అని ముందుకు కదిలేవాడు. సాయంత్రానికి ఏమీ తేలలేదు. నంబియార్ మొహంలో ఏ భావమూ లేదు. మంగతాయారుకు పడవ కుదుపులకు రెండుసార్లు వాంతి అయింది. అయినా రెండో రోజు మళ్ళీ ఎక్కారు.

రెండో రోజు పదింటికి ఎల్లాజీ గాలం పక్కన పెట్టాడు. ఇంజను ఆపి, తెడ్డు రెక్కను నీళ్ళలోకి దించి, పిడికి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఇంకొంచెం ముందుకు పోయి మళ్ళీ విన్నాడు.

"ఏం వింటున్నావు?" అన్నారు మంగతాయారు.

"నీలు మాటాడతాదమ్మా. రొయ్యలు సిటపటలాడతాయి. గొరక సేపలు గుర్రుమంటాయి. మా తాత నేర్పినాడు." తెడ్డు ఆవిడ చేతికి ఇచ్చాడు. "ఇను."

ఆవిడ చెవి ఆనించారు. చెక్కలోంచి, ఎక్కడో పొయ్యి మీద పేలాలు వేగుతున్న చప్పుడు వినిపించింది. సముద్రపు చప్పుళ్ళ మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. అన్నీ రికార్డులుగానే విన్నారు. వాటిలో అనవసరమైనవిగా వడగట్టి పారేసింది ఈ చిటపటలనే.

మరో అరగంట పోయాక ఎల్లాజీ మళ్ళీ చెవి ఆనించి, చెయ్యెత్తాడు.

"ఇక్కడ మాటాగిపోనాది. ఇదే మీ గోడ."

అటు ఇటు మరో నాలుగుచోట్ల విని, గాలం వేసి, గీత ఎటునుంచి ఎటు పోతుందో చేత్తో చూపించాడు. నంబియార్ జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. మడిచి లోపల పెట్టుకుని, "ఇంటికి పోదాం" అన్నాడు.

మంగతాయారు తిరుగుదారి అంతా నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నారు. పద్నాలుగేళ్ళ పని తెడ్డుకు దొరికిపోయిందని ఆవిడకు ఆ కాగితం చూడకుండానే తెలిసింది.

*

పై అధికారుల సమావేశం జరిగింది. తెర ఉన్న ఆ పదకొండు కిలోమీటర్లలో చేపల పడవలను నిషేధిద్దామని ఒకరు సూచించారు. నంబియార్ ఒప్పుకోలేదు. పడవలు లేని సముద్రమే అన్నిటికన్నా పెద్ద గుర్తు, శత్రువుకు అప్పుడు గాలం కూడా అక్కర్లేదు అన్నాడు. వారంలో తెర ఆపేశారు. రెండో దశ రద్దయింది.

నూకరత్నం తప్పు లేదని రాసి పాసు తిరిగి ఇచ్చారు. పన్నెండు మంది బృందం మాత్రం లేదు. కేబుళ్ళ అతుకులు పరీక్షించే గదిలో వేశారు. జునైద్ రాడార్ల వైపు మారి, పై హోదాతో బెంగుళూరు వెళ్ళాడు. వెళ్ళే ముందు వచ్చి, "నీవల్ల నా దశ కూడా పోయిందప్పా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ తర్వాత ఫోన్ చేయలేదు.

మంగతాయారుకు రిటైరు కావడానికి తొమ్మిది నెలలున్నాయి. ఒక మధ్యాహ్నం కేబుళ్ళ గదికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"తెర దగ్గర రొయ్యలు మాట ఆపేశాయి కదా. జలాంతర్గామి దగ్గరికొస్తే ఏం చేస్తాయంటావ్?"

నూకరత్నం చేతిలో పని ఆపింది. "అప్పుడూ ఆపుతాయేమో."

"మనం మోత పెట్టొద్దు. ఊరికే విందాం. చప్పుడు ఎక్కడ ఆగిందో చూద్దాం."

ఇద్దరూ పాత సామాన్లలోంచి నాలుగు మైకులు తీసి నీళ్ళలోకి దించారు. మొదటి పరీక్షలో జలాంతర్గామి మూడుసార్లు వెళ్తే ఒక్కసారే పట్టుకోగలిగారు. పెద్దల దృష్టిలో అది ఓటమే. మంగతాయారు మాత్రం, తెర పని మొదలుపెట్టిన మొదటి ఏడాది ఆ ఒక్కటి కూడా పట్టలేదని గుర్తుచేశారు. చిన్న ప్రాజెక్టుగా సాగనిచ్చారు.

*

తెర ఆగిన మూడు నెలలకు గవ్వలపేటకు కవళ్ళు వచ్చాయి. కానాగంతలు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. వేరావళ్ వెళ్ళిన ముప్పైమందిలో పదకొండు మంది తిరిగి వచ్చారు. అప్పన్న రాలేదు, అక్కడే మరో సీజనుకు ఒప్పుకున్నాడు. పక్కింటి గురమ్మ కొడుకు వచ్చాడు గానీ, బోటు మీద తాడు చుట్టే యంత్రంలో చెయ్యి పడి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు.

ఆ ఆదివారం నూకరత్నం ఇంటికి వచ్చేసరికి ఒడ్డున తండ్రి పడవ దిగుతున్నాడు. వలలో సగం మేర చేప ఉంది. గురమ్మ తట్టతో నిలబడి ఉంది.

"ఎల్లాజీ మాఁవా, నీకు సముద్రం తెల్సు గదా. అన్నాళ్ళు సేప ఎందుకు పోనాది? ఇప్పుడెందుకు వొచ్చింది? ఇది ముందే వొచ్చుంటే నా కొడుకు ఎల్లేవోడు కాదు."

ఎల్లాజీ చేత కూడా నంబియార్ సంతకం పెట్టించుకున్నాడు. ఎవరితోనూ అనకూడదు. పేటలో సముద్రం గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా ఎల్లాజీనే అడుగుతారు. ఆయన తెలిస్తే తెలుసనేవాడు, తెలియకపోతే తెలియదనేవాడు.

వల ముడి విప్పుతూ, తల ఎత్తకుండా, "నాకు తెల్దే గురమ్మా" అన్నాడు.

గురమ్మ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నూకరత్నం చెప్పులు విడిచి వచ్చి వల అటు కొస పట్టుకుంది. ఇద్దరూ చేపలు ఏరుతూ కూర్చున్నారు. కొంతసేపటికి ఎల్లాజీ నోరు విప్పాడు. విచారణ మొదలైనప్పటి నుంచి ఆయన నేరుగా కూతురితో అన్న మొదటి మాటలు అవి.

"ఆ మనిసితో నాసేత అబద్ధం ఆడించినావు."

"ఆఁ అయ్యా."

"దేశానికి కావాలంటావు. కావాల. నాను కాదన్ను." ఒక చేపను తట్టలోకి విసిరాడు. "మల్లా నీల్లల్లో ఏదన్నా దించేముందు నన్నడుగు."

"నన్ను అడగనివ్వరేమో అయ్యా."

"అడగనిచ్చేదాకా దించకు."

సోమవారం ఆమె ఒక కాగితం తీసుకుని మంగతాయారు గదికి వెళ్ళింది. సముద్రంలో కొత్తగా ఏ పరికరం పరీక్షించాలన్నా, ఆ నీళ్ళలో చేపలు పట్టే మనిషి ఒకరు బృందంలో ఉండాలని, ఆ మనిషి ఒప్పుకునేదాకా పరికరం దించకూడదని రాసి ఉంది. కింద ఆమె సంతకం.

"ఇది ఒప్పుకునేలోపు మన మైకుల పని కూడా ఆగుతుంది" అన్నారు మంగతాయారు. "ఆర్నెల్లు పట్టొచ్చు. ఏడాది పట్టొచ్చు. నేనప్పటికి ఇక్కడ ఉండను. నీ తోటివాళ్ళంతా నీకన్నా పైకి పోతారు."

"తెలుసండీ."

ఆవిడ కలం తీసి ఆ సంతకం పక్కన తన సంతకం పెట్టారు. నూకరత్నం కాగితం తీసుకుని పై అధికారులుండే అంతస్తుకు మెట్లెక్కింది.